రానీ... రానీ... ఆపు!

జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు మెట్రో స్టేషన్ మెట్లు దిగగానే చెవిన పడేవి హారన్లే. అందులో విశేషమేమీ లేదు, హైదరాబాద్‌లో ఎక్కడ దిగినా అంతే. అక్కణ్నుంచి మెయిన్ రోడ్డు వదిలేసి, లోపలి వీధులు పట్టుకుని ఫిల్మ్‌నగర్ వైపు నడవండి. ఎత్తులు, పల్లాలు, వంపులు. హారన్ల మోత వెనకబడిపోయి ఇంకో శబ్దం మొదలవుతుంది. బీప్... బీప్... బీప్... ఎక్కడో ఓ బండి రివర్స్‌లో వస్తోంది. ఎక్కడ? అదే తెలీదు. కుడిపక్క ప్రహరీ వెనకా? ఎడమపక్క తవ్విన గుంతలోనా? కింది వీధిలోనా? తల తిప్పి చూస్తాం, ఏమీ కనపడదు. నాలుగడుగులు వేసేసరికి ఆ సంగతే మర్చిపోతాం.

ఆ మర్చిపోవడమే నాకు వింతగా అనిపించింది. మనిషిని హెచ్చరించడానికే పుట్టిన శబ్దాన్ని మనుషులు ఇంత తేలిగ్గా ఎలా మర్చిపోగలరు? కొన్నాళ్లపాటు ఆదివారాలు, అప్పుడప్పుడు రాత్రిళ్లు కూడా ఈ వీధుల్లో తిరిగాను. ఫిల్మ్‌నగర్‌కి జనం హీరోల ఇళ్లు చూడ్డానికి వస్తారు. నిజం చెప్పాలంటే ఇక్కడ కనపడేవి ఇళ్లు కాదు, గేట్లు. ఎత్తయిన గేటు, దాని పక్కన సెక్యూరిటీ గది, దానిమీద సీసీ కెమెరా. అంతే. వినడానికి మాత్రం చాలా ఉంది.

సినిమావాళ్ల ఊరు కాకముందు ఇది బండల ఊరు. 1960ల్లో జూబ్లీహిల్స్‌లో హౌసింగ్ సొసైటీ మొదలైనప్పుడు ఇక్కడ ఇల్లు కట్టుకోవడమంటే ఊరవతల గుట్టల్లో కాపురం పెట్టడమే. 1976లో అక్కినేని నాగేశ్వరరావు గారు ఇటుపక్క అన్నపూర్ణ స్టూడియోస్ పెట్టారు. తర్వాత కృష్ణ గారి పద్మాలయా, రామానాయుడు గారి స్టూడియో వచ్చాయి. మద్రాసు నుంచి పరిశ్రమ ఒక్కొక్కటిగా సామాను సర్దుకుని ఈ గుట్టలెక్కింది. ఈ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. దాని అసలు రూపం చూడాలంటే కేబీఆర్ పార్కులోకి వెళ్లి చూడాల్సిందే. బయట మాత్రం దాన్ని తొలుస్తూనే ఉన్నారు.

తొలవడం ఎందుకంటే, పాత బంగళాలు పడిపోతున్నాయి. ఇద్దరో ముగ్గురో ఉండే ఇల్లు తీసేసి, అదే స్థలంలో రెండు మూడు సెల్లార్లు, దానిమీద ఐదారు అంతస్తులు. మొదట జేసీబీ వస్తుంది. తర్వాత హిటాచీ. కంపెనీ ఏదైనా మనవాళ్లకి అది హిటాచీయే. దాని మూతికి బ్రేకర్ తగిలించి బండను కొడుతుంటే పక్కింటి కిటికీ అద్దాలు కూడా తాళం వేస్తాయి. రాయి మోసుకుపోయే టిప్పర్లు, సెంట్రింగ్ సామాను తెచ్చే డీసీఎంలు, కాంక్రీటు తెచ్చే ఆర్‌ఎంసీ బండ్లు, చివర్లో టైల్స్ లారీలు. వీటికి తోడు సినిమా బండ్లు: క్యారవాన్లు, జనరేటర్ వ్యాన్లు, సెట్ సామాను వేసుకొచ్చే లారీలు. వీధి చూస్తే రెండు కార్లు ఒరుసుకుని పోయేంత. సైట్‌కి ఒకటే గేటు. లోపల బండి తిరగడానికి చోటుండదు. కాబట్టి ప్రతి బండీ వెనక్కే లోపలికి రావాలి, లేదా వెనక్కే బయటికి పోవాలి. అదీ పల్లంలో.

*

ఈ బీప్ మనది కాదు, జపాన్ వాళ్లది. 1963లో యమగుచి ఎలక్ట్రిక్ అనే కంపెనీ తయారుచేసింది. ఆ తర్వాత అమెరికాలో భారీ నిర్మాణ కంపెనీలు తమ యంత్రాలకి పెట్టుకున్నాయి. అప్పట్లో అది గొప్ప ఆలోచనే. విశాలమైన సైట్, ఒకటో రెండో యంత్రాలు, అందులో ఒకటి కూత పెడితే అందరూ అటు చూసేవాళ్లు.

మనదేశంలోకి వచ్చాక దానికి సంగీతం అబ్బింది. నా చిన్నప్పుడు మా వీధిలో కారు వెనక్కి వస్తే ఏ దేశభక్తి గీతమో, ఏ భజన బాణీయో వినపడేది. ఒక కారుకి క్రిస్మస్ పాట ఉండేది, మండు వేసవిలో కూడా అదే మోగేది. నిజానికి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో ఇలా రకరకాల స్వరాలు పలికే హారన్లు పెట్టకూడదని ఉంది. అయినా 2021లో కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ హారన్లలో వేణువు, తబలా, వయొలిన్ లాంటి మన వాద్యాలే వినపడేలా చట్టం తెచ్చే ఆలోచన ఉందన్నారు. వినడానికి బాగుంటుందేమో గానీ, వీధిలో వినపడే వేణువు మనకి ‘జరుగు’ అని చెప్పదు. పాటని మనం విని ఆనందిస్తాం. పాట విని పక్కకి దూకినవాణ్ని నేనింతవరకూ చూడలేదు.

సినిమా బండ్లకీ సైట్ బండ్లకీ అంత సంగీతం లేదు. అన్నింటికీ ఒకటే బీప్. అసలు చిక్కు అక్కడే ఉంది. ఎందుకో చెప్పాలంటే కొంచెం లెక్కల్లోకి పోవాలి, విసుక్కోకండి.

మామూలు రివర్స్ అలారం బండి దగ్గర నిలబడితే దాదాపు 100 డెసిబెల్స్ మోగుతుందనుకుందాం. ఖాళీ చోట దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ తగ్గుతుంది. అడుగు దూరంలో 100 అని కాదు, మీటరు దూరంలో 100 ఉంటే 4 మీటర్ల దగ్గర 88, 8 మీటర్ల దగ్గర 82. ఆ పక్కనే బ్రేకర్ 90 దాటి మోగుతుంటే ఈ 82 దానిలో కలిసిపోతుంది. ప్రమాద సంకేతం చుట్టూ ఉన్న రొద కంటే 15 డెసిబెల్స్ ఎక్కువ ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం చెబుతుంది. ఇక్కడ అది ఎనిమిది తక్కువే ఉంది. గంటకి 5 కిలోమీటర్ల వేగంతో, అంటే మనం నడిచే వేగంతో వెనక్కి వచ్చే టిప్పర్ ఆ 8 మీటర్లు ఆరు సెకన్లలోపే దాటేస్తుంది.

‘అయితే అలారం శబ్దం ఇంకా పెంచేస్తే సరి’ అనిపిస్తుంది ఎవరికైనా. సైట్ సూపర్‌వైజర్లు నాతో అన్నది కూడా ఇదే. కానీ పెంచిన అలారం పక్క సైట్‌లోకీ వినపడుతుంది. అక్కడివాళ్లకది తప్పుడు హెచ్చరిక. వాళ్ల అలారం వీళ్లకి తప్పుడు హెచ్చరిక. రోజుకి రెండొందలసార్లు మోగి, ఒక్కసారి కూడా మన వెనక బండి లేదంటే రెండొందల ఒకటోసారి మెదడు దాన్ని లెక్కలోంచి తీసేస్తుంది. మన ‘నాన్నా పులి’ కథలో పిల్లవాడి గొంతు చిన్నదేం కాదు. మూడోసారి కూడా వాడు గట్టిగానే అరిచాడు. ఊళ్లోవాళ్లకి వినపడింది కూడా.

నా ఉద్యోగంలోనూ ఇదే కథ. సర్వర్లకి ఏమైనా అయితే ఫోన్లకి అలర్టులు వస్తాయి. రోజుకి మూడొస్తే ముగ్గురు లేస్తారు. మూడొందలు వస్తే వాటికో ఫోల్డర్ పెట్టి, ఆ ఫోల్డర్‌ని ఎవరూ తెరవరు. సాఫ్ట్‌వేర్‌లో దీనికి వెబ్‌సైట్ ఆగిపోతుంది. సైట్‌లో కాలు పోతుంది.

*

బీప్ ఎటునుంచి వస్తుందో ఎందుకు తెలీదు? ఈ ప్రశ్నకి జవాబు నాకు ఫిల్మ్‌నగర్‌లోనే దొరికింది. మా కాలేజీ సీనియర్ ఒకాయన ఇంజనీరింగ్ అయ్యాక సౌండ్ వైపు వచ్చేశాడు. ఇక్కడే ఓ చిన్న స్టూడియోలో మిక్సింగ్ చేస్తుంటాడు. ఓ మధ్యాహ్నం వెళ్లి అడిగాను.

“ఒరేయ్, కళ్లు మూసుకో” అన్నాడు. స్పీకర్లలో సన్నటి ఒంటి స్వరం ఒకటి వేశాడు. “ఎటునుంచి వస్తోంది?”

“ఎదురుగా అన్నా.”

“వెనకనుంచి.”

తర్వాత ‘ష్...ష్...’ అని ఇంకో శబ్దం. కుక్కర్ విజిల్ వెయ్యబోయే ముందు ఆవిరి బుసకొట్టినట్టు. ఈసారి అడగకముందే నా చెయ్యి ఎడమవైపు వెనక్కి చూపించింది. అక్కడే ఉంది స్పీకర్.

ఆయన చెప్పింది ఇది. శబ్దం రెండు చెవులకీ ఒకేసారి చేరదు. ఎక్కువలో ఎక్కువ సెకనులో వెయ్యోవంతు కంటే కూడా తక్కువ తేడా ఉంటుంది. ఒక చెవికి కాస్త గట్టిగా, తల అడ్డం వచ్చిన రెండో చెవికి కాస్త మెల్లగా వినపడుతుంది. కింది స్వరాలకి మెదడు ఆ సమయం తేడాని వాడుకుంటుంది, పై స్వరాలకి గట్టితనంలో తేడాని. రెండూ సరిగ్గా పనిచెయ్యని మధ్యస్థలం ఒకటుంది. దాదాపు 1000 నుంచి 3000 హెర్ట్జ్ దాకా. రివర్స్ అలారం కూసేది సరిగ్గా ఆ చోటే, 1200 హెర్ట్జ్ అటూ ఇటూ. మనిషి చెవికి దిక్కు తెలీని స్వరాన్ని ఏరికోరి తెచ్చి బండికి తగిలించినట్టుంది. బుసకొట్టే శబ్దంలో అన్ని స్వరాలూ కలిసి ఉంటాయి. మెదడుకి ఏదో ఒక ఆధారం దొరుకుతుంది.

“ఇంకోటుంది రా. ఈ గుంతల్లో గోడలు రాయి కదా?” అన్నాడాయన.

అది నేను తర్వాత ఒక గుంత అంచున నిలబడి చూశాను. పది, పన్నెండు మీటర్ల లోతు. నాలుగువైపులా నిలువుగా కోసిన గ్రానైట్. ర్యాంపు మీద టిప్పర్ వెనక్కి దిగుతోంది. బీప్ నాలుగు గోడలకీ తగిలి నాలుగువైపుల నుంచీ వస్తోంది. ఒంటి స్వరం గోడకి కొట్టుకుని తిరిగొచ్చి తనతో తనే ఢీకొంటుంది. ఒకచోట రెండూ కలిసి గట్టిపడతాయి, ఇంకోచోట ఒకదాన్నొకటి చంపేస్తాయి. 1200 హెర్ట్జ్ శబ్దానికి తరంగం పొడవు 28 సెంటీమీటర్లు. అంటే గట్టిగా వినపడే చోటుకీ మెల్లగా వినపడే చోటుకీ మధ్య జానెడు దూరం కూడా ఉండదు. కింద రాళ్లు ఏరుతున్న మనిషి వంగి లేచేలోపు అలారం దూరం పోయినట్టు అనిపించవచ్చు, బండి మాత్రం దగ్గరికొస్తుంటుంది.

కెనడాలో ఒటావా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2013లో ప్రచురించిన అధ్యయనంలో ఈ రెండు రకాల అలారాలనూ బండ్ల వెనక పోల్చి చూశారు. ఒంటి స్వరం అడుగు అడుగుకీ మారిపోతుంటే, బుసకొట్టే రకం బండి వెనక దాదాపు సమానంగా పరుచుకుంటుందని తేలింది. ఎటునుంచి వస్తుందో కనిపెట్టడం కూడా దానితోనే సులువు. పైగా దూరం పోయేకొద్దీ అది రొదలో కరిగిపోతుంది కాబట్టి పక్క వీధి వాళ్ల నిద్ర చెడగొట్టదు. ఇంగ్లండ్‌లో ఇలాంటివి చాలాకాలంగా వాడుకలో ఉన్నాయి. చుట్టూ ఎంత రొద ఉందో విని దానికి తగ్గట్టు గొంతు పెంచుకుని, తగ్గించుకునే అలారాలూ ఉన్నాయి. పగలు బ్రేకర్ పక్కన గట్టిగా, రాత్రి నిశ్శబ్దంలో మెల్లగా.

ఇదొక్కటే సర్వరోగ నివారిణి అని నేననను. చెవులకి మఫ్స్ పెట్టుకున్నవాడికి పై స్వరాలే ముందు పోతాయి. ఆ బుసలో అతనికి అందాల్సినదంతా అందదు. మన సైట్లలో మఫ్స్ పెట్టుకునేవాళ్లని వేళ్లమీద లెక్కపెట్టొచ్చు, అది వేరే సంగతి. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని పాటలు వింటూ పనిచేసేవాళ్లే ఎక్కువ కనపడ్డారు.

మా సీనియర్ నన్ను గుమ్మందాకా సాగనంపుతూ తలుపు మీద దీపం చూపించాడు. ఎరుపు. లోపల టేక్ నడుస్తుంటే వెలుగుతుంది. “ఇది వెలిగితే ప్రొడ్యూసరైనా సరే తలుపు తియ్యడు. ఎందుకో తెలుసా? ఊరికే ఎప్పుడూ వెలగదు కాబట్టి” అన్నాడు.

ఇంకో మాట కూడా అన్నాడు. డైలాగ్ వినపడటంలేదని కొత్తవాళ్లు డైలాగ్ పెంచుతారట. తెలిసినవాడు మిగతావి తగ్గిస్తాడు.

*

ఈ మాటలు పట్టుకుని ఒక రాత్రి ఫిల్మ్‌నగర్ లోపలి వీధిలో స్లాబ్ పడుతున్న చోటికి వెళ్లాను. సైట్ పేరెందుకు, ఇలాంటివి వీధికొకటున్నాయి.

పగలు సిటీలోకి భారీ బండ్లకి ఆంక్షలుంటాయి. కాబట్టి పెద్ద స్లాబ్ పని చీకటి పడ్డాకే ఊపందుకుంటుంది. స్లాబ్ మధ్యలో ఆపడానికి వీల్లేదు. ఆపితే పాత కాంక్రీటుకీ కొత్తదానికీ అతుకు సరిగ్గా కుదరదు. ప్లాంటులో కలిపిన కాంక్రీటుని రెండు గంటల్లోపు సైట్‌కి చేర్చాలని ప్రమాణం. 300 క్యూబిక్ మీటర్ల స్లాబ్ అనుకోండి, బండికి ఆరు చొప్పున యాభై బండ్లు. యాభై బండ్లూ ఆ ఇరుకు వీధిలోంచి వెనక్కే వచ్చి పంపు దగ్గర ఆగాలి. యాభై రివర్సులు, ఒక్క రాత్రిలో, నిద్రమత్తులో, గడియారంతో పందెం వేసుకుని.

నేను చూసిన మూడు బండ్లలో ఒకదానికే అలారం మోగింది. ఒకదాని అలారం నోట్లో కాంక్రీటు పాలు గడ్డకట్టి ఉంది, లోపల ఎవరో గొంతు నొక్కినట్టు కూస్తోంది. మూడోదానికి వైరు పీకేశారు. డ్రైవర్ దాచలేదు. “రాత్రి ఇది మోగితే పైనుంచి తిడతారు సార్. పోయినసారి నీళ్లు పోశారు” అన్నాడు.

తిట్టినవాళ్లని కూడా నేను తప్పుపట్టలేను. శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ దాటకూడదు. 2010 సవరణలో నివాస ప్రాంతాల్లో రాత్రిపూట హారన్ కొట్టకూడదనీ, శబ్దం చేసే నిర్మాణ యంత్రాలు నడపకూడదనీ చేర్చారు. ఇటు చూస్తే నిర్మాణ కార్మికుల కోసం 1998లో వచ్చిన కేంద్ర నియమాల్లో సైట్ బండ్లకి రివర్స్ అలారం ఉండాలని ఉంది. అలారం లేకపోతే ఒక నియమం పోయింది, మోగితే ఇంకో నియమం పోయింది. పగలు లారీ రాకూడదు, రాత్రి యంత్రం నడవకూడదు, స్లాబ్ ఆగకూడదు. ఈ మూడింటి మధ్యా తెగేది ఏదంటే, అన్నిటికంటే చవకైన ఆ వైరు.

వైరు తెగిన బండిని వెనక్కి తెస్తున్నది ఒక మనిషి. యాభై దాటి ఉంటాయి. పాలమూరు వైపాయన. తలకి తువ్వాల, దానిమీద హెల్మెట్. ఎడమ చేత్తో బండి ఒంటిని తడుతూ వెనక్కి నడుస్తున్నాడు. “రానీ... రానీ... రానీ... లెఫ్టు కొట్టు... ఇంకింత... రానీ... ఆపు!” ‘ఆపు’తోపాటు అరచేత్తో ఇనుము మీద ఒక్క చరుపు. బండి ఠక్కున ఆగింది. పంపుకి చెయ్యెడు దూరం.

పంపు దగ్గర ఒడిశా కుర్రాళ్లు నలుగురు. వాళ్లవైపు తిరిగి అదే మనిషి “ఆన్ దో, హటో, హటో బాబూ” అన్నాడు. వాళ్లు జరిగారు. నేను ఆ రాత్రి అక్కడున్న రెండు గంటల్లో బీప్ విని జరిగినవాడు ఒక్కడూ లేడు. ఆయన గొంతు విని జరగనివాడూ ఒక్కడు లేడు.

ఆలోచిస్తే మా సీనియర్ చెప్పిన గుణాలన్నీ ఆ గొంతులో ఉన్నాయి. అన్ని స్వరాలూ కలిసిన శబ్దం కాబట్టి ఎటునుంచో వెంటనే తెలుస్తుంది. రొద పెరిగితే గట్టిగా అరుస్తాడు, తగ్గితే మెల్లగా అంటాడు. దూరం తగ్గేకొద్దీ ‘రానీ’ల మధ్య ఖాళీ తగ్గుతుంది. వెనక మనిషి ఉంటేనే ‘హటో’ అంటాడు, లేకపోతే అనడు. అన్నిటికీ మించి ఆయనకి కళ్లున్నాయి. బీప్ గేరు మారిందని మాత్రమే చెబుతుంది. వెనక ఎవరున్నారో దానికి తెలీదు.

ఒకప్పుడు ప్రతి లారీకీ ఒక క్లీనర్ ఉండేవాడు. ఇప్పుడు చాలా బండ్లలో డ్రైవర్ ఒక్కడే. జీతం మిగులుతుంది, ‘అలారం ఉందిగా’ అని ఒక మాట. మన బండ్లలో డ్రైవర్ కుడివైపు కూర్చుంటాడు. ఎడమ పక్క వెనక మూల ఆయనకి అద్దంలో సగమే కనపడుతుంది. బండి వెనక నేరుగా ఉన్నది అసలే కనపడదు. అలారం దారినపోయేవాడికి చెబుతుంది తప్ప డ్రైవర్‌కి ఏమీ చెప్పదు. కార్లకి మాత్రం 2019 జులై 1 నుంచి కొత్తగా తయారయ్యేవాటికి వెనక సెన్సర్లు తప్పనిసరి చేశారు. వెనక ఏదైనా ఉంటే లోపలున్న డ్రైవర్‌కి మోగుతుంది. ఎనిమిది లక్షల కారుకి ఉన్న ఆ కళ్లు పాతిక టన్నుల మిక్సర్‌కి లేకపోవడం నాకు మింగుడుపడదు. వెనక మనిషి ఉన్నప్పుడే బయటా లోపలా మోగే రాడార్ అలారాలు గనుల్లో, ఓడరేవుల్లో వాడుతున్నారు. అలాంటిది పెడితే బీప్ మళ్లీ ఆ స్టూడియో తలుపు మీది ఎర్రదీపం లాంటిదవుతుంది. మోగిందంటే నిజంగానే ఎవరో ఉన్నారని.

ఇంకా చవకైనవీ ఉన్నాయి. గోదాముల్లో ఫోర్క్‌లిఫ్టులకి వెనక నేలమీద నీలం వెలుగు పడేలా దీపం పెడతారు. బండి కంటే ముందు వెలుగు వచ్చి కాళ్ల దగ్గర పడుతుంది. రాత్రి పనికి ఇంతకంటే మంచిదేముంది, ఎవరి నిద్రా చెడదు. అలారాన్ని ఛాసిస్ కింద బురదలో కాకుండా వెనక పైకి, బయటికి చూసేలా బిగించడానికి ఖర్చే లేదు. వారానికోసారి గుడ్డతో తుడిస్తే చాలు. నా మటుకు నేను అన్నిటికంటే ముందు పెట్టేది మాత్రం రివర్సే అక్కర్లేకుండా చెయ్యడం. స్థలం మూలమీద ఉంటే రెండో వీధిలోకి తాత్కాలిక గేటు తెరిస్తే బండి ఇటునుంచి వచ్చి అటు పోతుంది. అలా చేసిన సైట్ ఒకటి చూశాను. అక్కడ నిలబడ్డ గంటసేపట్లో ఒక్క బీప్ లేదు. మిగతావి తగ్గించడమంటే అదే.

*

ఫిల్మ్‌నగర్ అంటే బంగళాలే కాదు. గుట్ట దిగితే బస్తీలున్నాయి. దీన్‌దయాళ్ నగర్, బీజేఆర్ నగర్, వినాయక్ నగర్... ఈ బస్తీల్లోనే సెట్ వర్కర్లు, లైట్‌మెన్, డ్రైవర్లు, ఇళ్లలో పనిచేసేవాళ్లు ఉంటారు. పైన సైట్‌కి వచ్చే బండ్లు తిరగడానికి చోటు కోసం ఈ వీధుల్లోకే వస్తాయి. పిల్లలకి ఆడుకోవడానికి ఉన్నది కూడా ఇదే వీధి.

ఇక్కడ నన్ను నిజంగా భయపెట్టినది ఒకటుంది. బీప్ వినపడితే పిల్లలు పక్కకి జరగలేదు. బండి దగ్గరికి పరిగెత్తారు. వెనక నిచ్చెన పట్టుకుని వేలాడటం వాళ్లకి ఆట. ‘బండి మెల్లగా పోతోంది, ఎక్కొచ్చు’ అని చెప్పే గంట అది వాళ్లకి. ఐదేళ్ల పిల్లాడు టిప్పర్ వెనక బంపర్ ఎత్తుకి రాడు. కిరాణా కొట్టు నడిపే ఒకావిడ కౌంటర్ వదిలేసి వచ్చి, ఇద్దర్ని రెక్కలు పట్టి లాక్కొచ్చింది. రోజూ చేసే పనిలాగే చేసింది. తర్వాత నాకు చిల్లర లెక్కపెట్టి ఇస్తూ, “పొద్దున చెత్తబండి పాట వస్తే బుట్టలు పట్టుకుని పరిగెత్తుతరు. గిది మోగినా పరిగెత్తుడే. వాళ్లకి రెండూ ఒకటే” అంది.

చెత్తబండి పాటకి ఊరంతా కదులుతుంది. ఆ పాట గొప్పదని కాదు, అది వచ్చినప్పుడు చెత్తబండి నిజంగా వస్తుంది. ఆ వీధిలో టిప్పర్ శబ్దానికి అర్థం ఏమిటో ఆ పిల్లలకి ఎవరైనా ఎప్పుడైనా చెప్పారా? అంగన్‌వాడీలో పది నిమిషాల పని. ‘ఇది వినపడితే గోడకి ఆనుకుని నిలబడాలి’ అని ఆటలా నేర్పితే చాలు. అలారం తయారుచేసేవాళ్లు సగం పని చేశారు. వినేవాళ్ల వైపు పని మనం ఎవరం మొదలుపెట్టలేదు.

ఆ పాలమూరు పెద్దాయన మళ్లీ రెండు వారాలకి కనపడ్డాడు. అదే సైట్, పై స్లాబ్. గొంతు బొంగురుపోయి ఉంది. రాత్రంతా అరిస్తే ఏమవుతుంది మరి.

“టీ తాగుతారా పెద్దాయనా?”

“టీ వద్దు సారూ. గింత తాగితే మళ్ల అరవాలె గదా. ఒక పీక ఇప్పియ్యరాదు. ట్రాఫిక్ పోలీసోళ్లు ఊదుతరు సూడు, అసుంటిది.”

మర్నాడు కృష్ణానగర్‌లో ఒక స్పోర్ట్స్ షాపులో కొన్నాను. తాడుతో సహా. సాయంత్రం ఇస్తే చేతిలో తిప్పి చూసుకుని, మెడలో వేసుకుని, మిక్సర్ వెనక్కి నడిచాడు. డ్రమ్ము తిరుగుతోంది, పంపు అరుస్తోంది, పక్క సైట్‌లో ఏదో బండి బీప్ బీప్ అంటోంది. పెద్దాయన ఒక్కసారి గట్టిగా ఊదాడు.

మిక్సర్ ఠక్కున ఆగింది. పంపు దగ్గర కుర్రాళ్లు నలుగురూ తలెత్తారు. డ్రైవర్ కిటికీలోంచి సగం బయటికి వంగి, “ఏమైంది?” అన్నాడు.

“ఏం గాలే. మోగుతదా లేదా అని జూసిన” అన్నాడు పెద్దాయన. “రానీ.”